పూసలు పొదిగిన టాటింగ్ లేసు పువ్వు: షటిల్ నింపడం నుంచి చివరి ముడి దాకా

షటిల్ అనే చిన్న సాధనానికి దారం చుట్టుకుని, దానితో ముడులు వేస్తూ లేసు అల్లే పనే టాటింగ్. అది వచ్చినవారు మామూలు పువ్వు నుంచి పూసల పువ్వుకు మారినప్పుడు కొత్తగా నేర్వవలసిన ముడి ఏదీ ఉండదు. మారేది ముందుగా వేసుకోవలసిన లెక్క. ఎంబ్రాయిడరీలో గుడ్డ సిద్ధమయ్యాక పూసను ఎక్కడ కావాలంటే అక్కడ సూదితో కుట్టుకోవచ్చు. టాటింగ్‌లో మాత్రం పూస దారానికి ముందే ఎక్కి ఉండి, సమయం వచ్చినప్పుడు ముడికీ ముడికీ నడుమ ఇమడాలి. అందువల్ల ఏ పూస ఏ దారం మీద ఉండాలి, ఎన్నో ముడి తరువాత రావాలి అన్న రెండు ప్రశ్నలకు షటిల్ నింపకముందే జవాబు తేల్చుకోవాలి.

ఇక్కడ ఐదు రేకుల పువ్వు ఒకదానిని మొదటి నుంచి చివరి దాకా వివరిస్తున్నాను. ఒక్కొక్క రేకు కొసన మూడు చిన్న పూసలు, రేకుకూ రేకుకూ మధ్య ఒక పూస, నడుమ ఒక పెద్ద పూస వస్తాయి. టాటింగ్ అసలే తెలియనివారి కోసం ముడి వేసే పద్ధతిని కూడా చెప్పాను గానీ, అది చేతికి పట్టుబడేదాకా పూసల జోలికి వెళ్లకపోవడమే మేలు.

సామగ్రి

దారంగా మెర్సరైజ్ చేసిన (మెరుపు, బలం కోసం రసాయనంతో శుద్ధి చేసిన) గట్టి పురి కాటన్ దారం తీసుకోవాలి. అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది: 10వ నంబరు లావుగా, 80వ నంబరు చాలా సన్నగా ఉంటాయి. ఈ పువ్వుకు 20వ నంబరు సరిపోతుంది. పురి వదులుగా ఉండే ఎంబ్రాయిడరీ దారాలు, నూగు లేచే దారాలు చూడటానికి ఎంత అందంగా ఉన్నా ఈ పనికి తగవు. టాటింగ్‌లో ఒక దారం మీద మరొక దారం నిరంతరం జారుతూ ఉండాలి, నూగు ఆ జారుడును ఆపేస్తుంది.

పూసల నంబర్లు కూడా దారాల మాదిరిగానే తిరగబడి ఉంటాయి. 11/0 పూస సుమారు 2 మిల్లీమీటర్లు, 8/0 పూస సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. రేకు కొసలకు 11/0 పూసలు 15, రేకుల నడుమకు 8/0 పూసలు 5, మధ్యకు 4 మిల్లీమీటర్ల పూస ఒకటి కావాలి. రేకుల నడుమకు కాస్త పెద్ద పూసను ఎంచడానికి కారణం ఉంది. అక్కడ పూస రంధ్రం గుండా దారం రెండు పేటలుగా మడిచినట్టు దూరాలి, 20వ నంబరు దారం అలా 11/0 పూసలో దూరడం కష్టం. 40వ నంబరు దారంతో అల్లేవారు అక్కడ కూడా 11/0 పూసలనే ప్రయత్నించవచ్చు.

పూసలను ఒక మెత్తని గుడ్డ మీద పోసి, వంకరగా ఉన్నవి, రంధ్రం పూడిపోయినవి, అంచు పదునుగా తగిలేవి ముందే ఏరి పక్కన పెట్టాలి. పదునైన అంచు దారాన్ని కోస్తుంది. పువ్వు పూర్తయిన ఎన్నాళ్లకో రేకు తెగితే బాగుచేయడం దాదాపు అసాధ్యం.

షటిళ్లలో నడుమ దిమ్మెకు దారం చుట్టేది ఒక రకం, బాబిన్ పెట్టేది మరొక రకం. పూసల పనికి నా ఓటు మొదటి రకానికే. దాని రెండు రెక్కల కొసలు ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి కాబట్టి దారం తనంతట తాను జారిపోదు. పూస ఆ కొసల మధ్య ఇరుక్కుంటే లాగకూడదు, గోటితో రెక్కలను కొద్దిగా విడదీసి బయటకు తీయాలి.

వీటితో పాటు 0.6 మిల్లీమీటర్లు లేదా అంతకంటే సన్నని క్రోషియా హుక్, పూసలు గుచ్చే సూది, మొన మొద్దుగా ఉన్న సన్న సూది, చిన్న కత్తెర, 8 మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించిన అట్ట ముక్క దగ్గర ఉంచుకోవాలి. హుక్ కొస 8/0 పూసలో దూరుతుందో లేదో కొనేటప్పుడే చూసుకోవడం మంచిది.

ముడి: రెండు సగాలు, ఒక మార్పిడి

టాటింగ్ అంతా డబుల్ స్టిచ్ అనే ఒకే ఒక్క ముడి మీద నడుస్తుంది. ఇకపై ముడి అన్నచోటల్లా డబుల్ స్టిచ్ అనే అర్థం. ఇందులో రెండు సగాలు ఉంటాయి. దారం కొసను ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టుకుని, మిగతా వేళ్ల చుట్టూ ఒక ఉచ్చులా తిప్పి మళ్లీ అదే పట్టులోకి తేవాలి. వేళ్ల చుట్టూ ఉన్నది చేతి దారం, పట్టు నుంచి షటిల్ దాకా సాగేది షటిల్ దారం.

మొదటి సగానికి, షటిల్ దారాన్ని కుడి చేతి వేళ్ల వెనుక వైపు మీదుగా వేసుకుని, షటిల్‌ను చేతి దారం కింద నుంచి పోనిచ్చి, దాని మీదుగా వెనక్కి తెచ్చి, షటిల్ దారం కింద నుంచి బయటకు తీయాలి. రెండవ సగంలో దారి తిరగబడుతుంది: షటిల్ చేతి దారం మీదుగా వెళ్లి, దాని కింద నుంచి వెనక్కి వచ్చి, షటిల్ దారం మీదుగా బయటపడుతుంది.

అయితే దారి సరిగ్గా నడిపినంత మాత్రాన ముడి పడదు. షటిల్ బయటకు వచ్చిన క్షణంలో మెలిక షటిల్ దారానికే ఉంటుంది. అప్పుడు ఎడమ చేతి మధ్య వేలిని వదులు చేసి, షటిల్ దారాన్ని బిగుతుగా లాగి పట్టుకోవాలి. అలా లాగినప్పుడు మెలిక షటిల్ దారం నుంచి చేతి దారానికి మారుతుంది, చిటుక్కుమన్నట్టుగా ఆ మార్పు వేళ్లకు తెలుస్తుంది. ఆ తరువాతే మధ్య వేలిని మెల్లగా ఎత్తి ముడిని బొటనవేలి పట్టులోకి జరుపుకోవాలి. ఈ మార్పిడి ఒక్క సగంలో తప్పినా అక్కడ షటిల్ దారం బిగుసుకుపోయి ముడి ఇక కదలదు.

నేర్చుకునేవారు రెండు రంగుల దారాలతో సాధన చేయాలి. షటిల్‌లో ఒక రంగు, చేతి మీద వేరే రంగు పెట్టి అల్లితే, ముడులన్నీ చేతి దారం రంగులో కనబడాలి. షటిల్ దారం రంగు పైకి తేలిన చోటల్లా మార్పిడి జరగలేదని అర్థం. 20 ముడులు వరుసగా వేసి, షటిల్ దారాన్ని పట్టుకుని లాగినప్పుడు అవన్నీ దాని మీద అటూ ఇటూ జారితే చెయ్యి కుదిరినట్టే.

రెండు ముడుల మధ్య కాస్త ఖాళీ వదిలి, తరువాతి ముడిని మునుపటి దాని దగ్గరకు నెట్టితే ఆ ఖాళీ దారం చిన్న లూప్‌గా లేస్తుంది. అదే పికాట్. వదిలిన ఖాళీలో సగం దాని ఎత్తు అవుతుంది కనుక 8 మిల్లీమీటర్ల అట్ట ముక్కను ముడుల మధ్య పరిచి కొలిస్తే 4 మిల్లీమీటర్ల పికాట్ వస్తుంది. అందానికి వదిలే పికాట్‌లు కొంచెం అటూఇటూ అయినా పరవాలేదు గానీ, పూస ఎక్కవలసిన పికాట్ మాత్రం కొలతలో ఉండి తీరాలి.

పూస ఎక్కడ కూర్చుంటుంది

ఈ పువ్వులో పూసలు మూడు దారుల్లో వస్తాయి. రేకు కొసన వచ్చేవి ముందుగానే షటిల్ దారానికి గుచ్చినవి. రేకుల నడుమ వచ్చేవి ముందు గుచ్చనక్కరలేదు, రెండు రేకులను కలిపే వేళ హుక్‌తో పికాట్‌కు ఎక్కించుకుంటాము. మధ్య పూస మాత్రం చివరలో మిగిలిన దారం కొసలతో నిలిచేది.

గుచ్చిన పూసల విషయంలో తికమక పెట్టేది ఒక్కటే. రింగులో, అంటే ముడులను గుండ్రంగా మూసి చేసే రేకులో, పికాట్ చేతి దారంతో ఏర్పడుతుంది. కాబట్టి పికాట్‌లోకి రావలసిన పూసలు, రింగు మొదలుపెట్టే సమయానికి వేళ్ల చుట్టూ ఉన్న ఉచ్చులో ఉండాలి. షటిల్ వైపే ఉండిపోతే రింగు మధ్యలో వాటిని ఉచ్చులోకి తెచ్చే మార్గం లేదు, ఎందుకంటే అప్పటికే వేసిన ముడులు దారికి అడ్డం ఉంటాయి. అలాగే ఉచ్చులో పెట్టిన పూసను వాడటం మరచిపోతే, రింగు మూసేటప్పుడు అది మొదటి ముడికీ చివరి ముడికీ మధ్య, రేకు మొదట్లో ఇరుక్కుని నిలుస్తుంది. రేకు మొదట్లో పూస కావాలనుకునేవారు ఇదే పద్ధతిని కావాలని వాడుకుంటారు.

మెట్టు 1: గుచ్చడం, షటిల్ నింపడం

ఉండ నుంచి దారాన్ని తెంచకుండా కొసను సూదికి ఎక్కించి, 15 పూసలు గుచ్చి, ఉండ వైపు జరపాలి. ఆ కొసను షటిల్ దిమ్మెకు కట్టి, పూసలను వెనక్కి నెట్టుకుంటూ ఒక మీటరు దాకా ఖాళీ దారమే చుట్టాలి. తరువాత మూడు పూసలను దగ్గరకు తెచ్చి చుట్టులోకి పోనిచ్చి, రెండు మూడు చుట్లు తిప్పి, మళ్లీ మూడు పూసలు పోనివ్వాలి. ఇలా నాలుగు జట్లు, అంటే 12 పూసలు లోపలికి వెళ్లాక, చివరి మూడింటిని బయటే ఉంచి, మొత్తం రెండున్నర మీటర్ల దగ్గర దారాన్ని కత్తిరించాలి.

పూసలన్నింటినీ ఒక్కచోట కుప్పగా చుట్టితే ఒక రేకుకు మూడు కావలసినచోట ఏడెనిమిది ఒకేసారి బయటపడతాయి. అవి పట్టులోకి జారి చిరాకు పెడతాయి.

మెట్టు 2: మొదటి రేకు

కొసన 20 సెంటీమీటర్ల దారం వదిలి పట్టుకోవాలి. చివర్లో మధ్య పూసను నిలిపేది ఈ కొసే, పొదుపు చేయవద్దు. బయట ఉన్న మూడు పూసలను కొస వైపు జరిపి, అవి ఉచ్చులో పడేలా దారాన్ని వేళ్ల చుట్టూ తిప్పాలి. పూసలను అరచేతి వెనుకకు, చిటికెన వేలి దగ్గరకు నెట్టి ఉంచితే ముడులు వేసేచోట అడ్డం రావు.

రేకు వరుస ఇది: 5 ముడులు, 4 మిల్లీమీటర్ల పికాట్, 5 ముడులు, మూడు పూసల పికాట్, 5 ముడులు, 4 మిల్లీమీటర్ల పికాట్, 5 ముడులు, ఆపై మూయడం. మొత్తం 20 ముడులు.

పూసల పికాట్ దగ్గరకు వచ్చినప్పుడు మూడు పూసలనూ చేతి దారం మీదుగా జరిపి పదవ ముడికి ఆనించాలి. పదకొండవ ముడిని మూడవ పూస దాటగానే వేసి లోపలికి నెట్టితే పూసలు ముక్కోణంగా పైకి లేచి నిలుస్తాయి. ఇక్కడ అట్ట ముక్క అవసరం లేదు, పూసల పొడవే కొలత. దారం మరీ ఎక్కువ వదిలితే పూసలు వేలాడుతాయి, అసలు వదలకపోతే ఒకదాని మీదకు ఒకటి ఎక్కి దారాన్ని మెలిపెడతాయి. పూసలకు అటూ ఇటూ వెంట్రుక వాసి సందు ఉంటే చాలు.

ముడులు పెరిగేకొద్దీ ఉచ్చు చిన్నదవుతుంది. అప్పుడు వేసిన ముడులను గట్టిగా పట్టుకుని, ఉచ్చు కింది భాగాన్ని లాగితే షటిల్ దారం ముడుల లోపలి నుంచి వచ్చి ఉచ్చు పెద్దదవుతుంది. ఇరవయ్యవ ముడి అయ్యాక, వేళ్లను ఉచ్చు నుంచి తీసి, ముడులను పట్టుకునే ఉండి, షటిల్ దారాన్ని మెల్లగా ఒకే వేగంతో లాగాలి. మొదటి ముడి, చివరి ముడి ఒకదానినొకటి తాకినచోట ఆగాలి. ఇంకా బిగిస్తే రేకు ముడుచుకుని గిన్నెలా లేస్తుంది.

మెట్టు 3: కలుపుతూ పోవడం

తరువాతి మూడు పూసలను షటిల్ నుంచి విడిపించి, మొదటి రేకు మొదలు దాకా జరపాలి. ఈ రేకు మొదటి ముడికి ముందు 3 మిల్లీమీటర్ల ఖాళీ దారం వదలాలి. రేకుల నడుమ పూస లేని పువ్వుల్లో ఈ ఖాళీ అక్కరలేదు గానీ, ఇక్కడ 8/0 పూసలు ఐదు చోటు అడుగుతాయి. ఖాళీ వదలకపోతే రేకులు ఒకదాని మీదకు ఒకటి ఎక్కి పువ్వు చదునుగా పరుచుకోదు. పైగా ఈ ఖాళీలే చివరకు గుండ్రంగా చేరి మధ్య పూసకు చోటిస్తాయి.

5 ముడులు వేశాక కలపాలి. 8/0 పూస ఒకటి హుక్‌కు ఎక్కించి, హుక్ కొసతో పక్క రేకు చివరి పికాట్‌ను పట్టుకుని, పూసను హుక్ మీద నుంచి పికాట్ మీదకు జార్చాలి. పూసకు పైన పికాట్ కొస చిన్న లూప్‌గా తేలుతుంది. ఆ లూప్‌ను వదిలేయకుండా, దాని గుండా హుక్‌తో చేతి దారాన్ని పైకి లాగి, అలా వచ్చిన ఉచ్చులోంచి షటిల్‌ను దూర్చి, ఎడమ చేతి వేళ్లు ఎత్తి చేతి దారాన్ని బిగించాలి. షటిల్ దారాన్ని లాగి చూస్తే అది ఇంకా స్వేచ్ఛగా జారుతూ ఉండాలి. ఈ కలుపును ముడిలో మొదటి సగంగా లెక్కించి, రెండవ సగం వేసి పూర్తి చేయాలి. అది తరువాతి ఐదింటిలో ఒకటవుతుంది. దీనిని లెక్కలో చేర్చనివారూ ఉన్నారు. ఏ పద్ధతి పట్టినా పువ్వంతా అదే పాటించాలి, లేకుంటే రేకులు ఎగుడుదిగుడుగా కనబడతాయి.

19వ శతాబ్దం తొలి దశల్లో రింగులను విడివిడిగా అల్లి, సూదీ దారంతో ఒకదానికొకటి కుట్టేవారు. పికాట్ ద్వారా అల్లికలోనే కలుపుకోవడం ఆ శతాబ్దం నడిమికి వాడుకలోకి వచ్చింది. ఆ మార్పు రాకుంటే హుక్‌తో పూస ఎక్కించే ఈ వెసులుబాటూ ఉండేది కాదు.

మిగతా వరుస మొదటి రేకులాగే: కలుపు తరువాత 5 ముడులు, మూడు పూసలు, 5 ముడులు, పికాట్, 5 ముడులు, మూయడం. మూడు, నాలుగు రేకులు కూడా ఇదే విధంగా వేయాలి.

మెట్టు 4: ఐదవ రేకు, రెండు కలుపులు

ఐదవ రేకు ఒకవైపు నాలుగవ రేకుతో, మరోవైపు మొదటి రేకుతో కలవాలి. మొదటి కలుపు మామూలే. పదిహేను ముడులు అయ్యాక పికాట్ వదలడానికి బదులు, మొదటి రేకు మొదటి పికాట్‌తో కలపాలి. అల్లికను మడిచి ఆ రేకును చేతి దారం పక్కకు తెచ్చుకున్నప్పుడు దాని వెనుక వైపు మనకు కనబడుతుంది. అలాగే నేరుగా కలిపితే, పువ్వును విప్పి పరిచినప్పుడు పికాట్ మెలిపడుతుంది. అందుకని పికాట్‌ను హుక్‌తో పట్టినప్పుడే హుక్‌ను అర చుట్టు తిప్పి, పూస ఎక్కించి, కలిపి, షటిల్ దారం బిగించకముందే పువ్వును ఒకసారి బల్ల మీద పరిచి చూడాలి. పికాట్ రెండు పేటలు సమంగా ఉంటే సరే, అడ్డంగా దాటుకుంటే విప్పి హుక్‌ను అవతలి వైపు తిప్పాలి. పూసల పువ్వులో కొంత ఊరట ఏమిటంటే, చిన్న మెలిక ఉన్నా పూస దానిని కప్పేస్తుంది.

చివరి 5 ముడులు వేసి మూసి, 20 సెంటీమీటర్ల దారం ఉంచి కత్తిరించాలి.

రింగు మూతపడకపోతే

లాగినా రింగు కదలడం లేదంటే, బలం పెట్టవద్దు, దారం తెగుతుంది. మూడు చోట్ల వెతకాలి. ఎక్కువసార్లు ఏదో ఒక ముడిలో మార్పిడి జరగక షటిల్ దారమే ముడిపడి ఉంటుంది. ముడులను ఒక్కొక్కటిగా షటిల్ దారం మీద జరిపి చూస్తే, జరగనిది దోషి. మొద్దు సూదితో దానిని వదులు చేసి విప్పాలి. రెండవది కలుపు దగ్గర: చేతి దారానికి బదులు హుక్ షటిల్ దారాన్ని పట్టుకుని ఉండవచ్చు. మూడవది, ఉచ్చులో మరచిపోయిన పూస.

మూసేసిన రింగులో తప్పు కనబడితే కూడా దారి ఉంది. చివరి పికాట్‌కు అటూ ఇటూ ఉన్న ముడులను రెండు చేతుల గోళ్లతో పట్టి మెల్లగా విడదీస్తే లోపలి షటిల్ దారం కొద్దిగా బయటకు కనబడుతుంది. దానిని హుక్‌తో లాగుతూ పోతే రింగు మళ్లీ తెరుచుకుంటుంది. మూడు పూసల పికాట్ దగ్గర మాత్రం ఈ ప్రయత్నం చేయవద్దు. పూసల అంచులకు దారం రాసుకుని నూగు లేస్తుంది.

మెట్టు 5: మధ్య పూస, కొసలు దాచడం

రెండు కొసలనూ పువ్వు వెనుక ఒకసారి ముడివేసి, మొదటి రేకుకూ ఐదవ రేకుకూ మధ్య కూడా మిగతా చోట్ల ఉన్నంతే 3 మిల్లీమీటర్ల ఎడం వచ్చేలా సర్దాలి. ఒక కొసను సూదికి ఎక్కించి వెనుక నుంచి ముందుకు తెచ్చి, 4 మిల్లీమీటర్ల పూస గుచ్చి, ఎదుటి వైపు రేకుల సందులోంచి వెనక్కి పోనివ్వాలి. రెండవ కొసను అదే పూసలోంచి ఎదురు దిశలో నడిపితే పూస ఒరిగిపోకుండా నిలుస్తుంది. వెనుక వైపు రెండూ కలిపి గట్టి ముడి వేసి, ఒక్కొక్క కొసను ఒక్కొక్క రేకు వెనుక ముడుల కిందుగా ఒకటిన్నర సెంటీమీటరు దూరం కుట్టుతూ దాచి, అంచున కత్తిరించాలి. జిగురు వాడితే సూది మొనకు అంటినంతే వాడాలి. అంతకు మించితే పూస మెరుపు పోతుంది.

పువ్వును తడిపి, మెత్తని ఫోమ్ మీద తుప్పు పట్టని గుండుసూదులతో పికాట్‌ల దగ్గర గుచ్చి, రేకులు సమంగా సర్ది ఆరనివ్వాలి. రంగు పూత వేసిన పూసలు కొన్ని నీటిలో రంగు వదులుతాయి కనుక మిగిలిన ఒక పూసను ముందు తడిపి తెల్ల గుడ్డ మీద రుద్ది చూసుకోవాలి. ఇస్త్రీ మాత్రం వద్దు. చెవి లోలాకులకో బ్రూచ్‌కో వాడదలచినవారు పలుచని గంజిలో ముంచి ఆరబెడితే రేకులు వంగవు.

బయట మరొక వరుస కావాలంటే

చుట్టూ చైన్ (రింగులా మూయకుండా విల్లులా సాగే ముడుల వరుస) వేస్తే పువ్వు నిండుగా, పతకంలా కనబడుతుంది. అయితే ఆ నిర్ణయం మొదటి రేకుకు ముందే జరగాలి. రేకు కొసన మూడు పూసలకు బదులు 4 మిల్లీమీటర్ల ఖాళీ పికాట్ వదులుకోవాలి, దానికి పూస తరువాత హుక్‌తో ఎక్కుతుంది.

చైన్‌లో షటిల్ దారంతో పాటు ఉండ దారం కూడా ఉంటుంది. ముడులు ఉండ దారంతో పడతాయి కాబట్టి ఇక్కడ పూసలను గుచ్చవలసింది షటిల్ దారానికి కాదు, ఉండ దారానికి. రేకు కొస పికాట్‌కు పూస ఎక్కించి, దాని గుండా షటిల్ దారాన్ని లూప్‌గా లాగి షటిల్‌ను అందులోంచి పోనిచ్చి బిగించాలి. ఇది రింగులో చేసిన కలుపులా జారదు, షటిల్ దారాన్ని అక్కడే కట్టేస్తుంది. ఉండ దారాన్ని ఎడమ చేతి వేళ్ల మీదుగా వేసి చిటికెన వేలికి చుట్టుకుని, 8 ముడులు, ఒక పూస, 8 ముడులు వేసి, తరువాతి రేకు కొసకు మళ్లీ అదే విధంగా కలపాలి. ఇలా ఐదు చైన్‌లు.

8 అన్నది నా చేతి బిగువుకు కుదిరే అంకె. మొదటి రెండు చైన్‌లు వేశాక పువ్వును పరిచి చూడాలి: అంచులు గిన్నెలా పైకి లేస్తే ఒక్కొక్క వైపు ఒక ముడి పెంచాలి, కుచ్చిళ్లలా ముడతలు పడితే ఒకటి తగ్గించాలి. చివరి చైన్‌ను మొదలైనచోటనే ముడివేసి, కొసలను చైన్ ముడుల వెనుక దాచాలి.